పావుగంటకు పద్నాలుగు కార్లు

ఆదివారం పది గంటలకు ఆరాధన అంటే పదిన్నరకు సగం మంది వస్తారు. ఈ సంగతి నాకు తెలిసినంత కచ్చితంగా వాళ్ల దేవుడికి కూడా తెలియదేమో. మూడేళ్లు లెక్కపెట్టాను మరి.

నా పనే లెక్కపెట్టడం. ఆక్లాండ్‌లో కొత్తగా షాపు కట్టాలన్నా, స్కూలు పెంచాలన్నా, దానివల్ల రోడ్డు మీద రద్దీ ఎంత పెరుగుతుందో ముందు కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, చెప్పుకోవాలి. చెప్పేది ఇంజినీర్లు. వాళ్ల రిపోర్టుల్లోని అంకెలు మాత్రం నాలాంటి వాళ్లు ఏరి తెచ్చినవి. మడత కుర్చీ వేసుకుని, నారింజ రంగు చొక్కా తొడుక్కుని రోడ్డు పక్కన కూర్చుంటాం. కారు పోతే చేతిలో కౌంటర్ ఒక నొక్కు. పావుగంట అయితే కాయితం మీద అంకె వేసి, మళ్లీ సున్నా నుంచి మొదలు. వానైనా అంతే, గాలైనా అంతే. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి ఇంతకంటే గొప్ప ఉద్యోగం ఏ దేశం ఇస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్లు లారీ తోలాను. కుసుమ, అంటే నా భార్య, నర్సు. ఆమె వీసా వెనకాల నేనూ వచ్చాను, సూట్‌కేసుకి కట్టిన చీటీలాగ. ఆమె చదువు ఇక్కడ పనికొచ్చింది. నా ఇరవై ఏళ్ల లారీ మాత్రం సముద్రంలో ఎక్కడో దిగబడింది.

కుసుమది పుట్టుక నుంచీ చర్చి. నాది కాదు. పెళ్లి నాడే అనుకున్నాం, ఆమె వెళ్తుంది, నేను దింపుతాను. హెండర్సన్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్లు ఆరాధన జరుపుకునేవారు. అరవై కుటుంబాల దాకా ఉంటాయి. వారమంతా వృద్ధాశ్రమంలో ఇంగ్లీషు ముసలివాళ్లకి మాత్రలు మింగించే మనిషి, ఆదివారం ఆ హాల్లో మాత్రమే తన భాషలో నవ్వుతుంది, తన భాషలో ఏడుస్తుంది. అది నాకు తెలుసు. అందుకే దింపడం ఎప్పుడూ మానలేదు.

మొదటి వారం భోజనానికి లోపలికి వెళ్లాను. పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే శ్రీపతి అనే పెద్దమనిషి వచ్చి పలకరించాడు. హాబ్సన్‌విల్‌లో మేడ, కంప్యూటర్ కంపెనీలో మేనేజరు, చర్చికి కమిటీ చైర్మను.

"మీరేం చేస్తుంటారండీ?"

"కార్లు లెక్కపెడతాను."

"ఓ, ట్రాఫిక్ డేటా ఎనలిస్టా?"

"కాదండీ. రోడ్డు పక్కన కూర్చుని లెక్కపెడతాను."

శ్రీపతి ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. "పర్లేదు బాస్, లాంగ్ డ్రైవ్‌లో మా పిల్లల చేత కూడా అదే చేయిస్తాం. అల్లరి చెయ్యకుండా కూర్చుంటారు."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. చెడ్డగా నవ్వారని అనను. కానీ నవ్వారు. ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చాను. ఆ వారం నుంచీ కుసుమని గేటు దగ్గర దింపి, రోడ్డుకి అవతలి పక్క కారు ఆపుకుని అందులోనే కూర్చునేవాణ్ణి. నాలుగైదు గంటలు ఊరికే కూర్చుంటే చెయ్యి ఊరుకోదు. డాష్‌బోర్డు అరలో పాత కౌంటర్ ఒకటి ఉండేది. పాత కాయితాల వెనకవైపు గళ్లు గీసి, పావుగంట పావుగంటకీ అంకెలు వేయడం మొదలుపెట్టాను. దేనికంటే, కుసుమని ఏడిపించడానికి.

"మీ భక్తులు చూడు. పదింటికి ఏడు కార్లు. పదింబావుకి పన్నెండు. పదకొండుంబావుకి కూడా ఇంకా ఊడిపడుతున్నారు. మీ పాస్టరు మొదటి పాట ఎవరికోసం పాడతాడు, కుర్చీల కోసమా?"

"పోనీలెండి, వస్తున్నారు కదా" అనేది కుసుమ. "హామిల్టన్ నుంచి గంటన్నర తోలుకుంటూ వచ్చేవాళ్లున్నారు. పిల్లల్ని లేపాలి, వండుకు రావాలి."

రావడం అలా ఉంటే పోవడం మరీ తమాషా. పన్నెండున్నరకు ఆరాధన అయిపోతుంది. భోజనాలు. తర్వాత హాల్లో మాటలు, వరండాలో మాటలు, కారు తలుపు పట్టుకుని మాటలు. ఇంజను స్టార్టు చేసి అద్దం దించి మళ్లీ మాటలు. అన్నీ అయ్యాక గేటు దగ్గర కోటేశ్వరమ్మ గారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. తెల్లచీర, మీద మగవాళ్ల స్వెట్టరు. ప్రతి కారునీ ఆపుతుంది. బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటుంది. ఆ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి పరీక్ష, ఎవరికి వీసా రావాలో అన్నీ ఆమెకి గుర్తే. అన్నిటికీ కలిపి ప్రార్థన చేసి, ఆమెన్ అంటేనే కారు కదలాలి. కారుకి ఒక నిమిషం, వీసా కష్టం ఉంటే రెండు నిమిషాలు. వెనక వరస కట్టిన కార్లలో ఒక్కడు హారన్ కొట్టడు. నేను రోడ్డు అవతల ఆపేది అందుకు కూడా. నా బానెట్ దాకా ఆమె చెయ్యి రాకూడదని.

రెండు వేల పదహారులో స్కూలువాళ్లు చెప్పేశారు. డిసెంబరు తర్వాత హాలు ఇవ్వం, పడగొట్టి క్లాసురూములు కడతాం అని. చర్చివాళ్లు అప్పటికే ఊరి చివర ఒక పాత పూలమొక్కల తోట చూసుకున్నారు. ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా దాని మీద పెట్టారు. అక్కడ చర్చి కట్టుకోవడానికి కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆ రోడ్డేమో సన్నం, దగ్గర్లోనే రౌండెబౌట్. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కార్ల రద్దీ అంటూ అభ్యంతరాలు రాశారు. కాబట్టి ట్రాఫిక్ రిపోర్టు బాగుంటే చర్చి ఉంటుంది, లేకపోతే డిసెంబరు తర్వాత అరవై కుటుంబాలూ తలో దిక్కు. అంత తేలిక లెక్క.

ఆ రిపోర్టు పని మా ఆఫీసుకే వచ్చింది. చూసే ఇంజినీరు నవీన. కరీంనగర్ అమ్మాయి, ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరింది. ఇప్పుడున్న హాలు దగ్గర ఒక ఆదివారం ఎన్ని కార్లు ఏ టైముకి వస్తున్నాయో, ఎలా పోతున్నాయో లెక్కపెట్టి, అన్ని కార్లని కొత్త రోడ్డు మోయగలదా అని చూడటం పద్ధతి.

"అంకుల్, గేటు దగ్గర మీరు కూసోండ్రి. రౌండెబౌట్ దగ్గరికి ఇంకొకర్ని పంపుత" అంది.

సరే అన్నాను. మా ఆవిడ ఆ చర్చికే వెళ్తుందని చెప్పాలి. చెప్పలేదు. నేనా చర్చిలో అడుగు పెట్టను, నాకేం సంబంధం అనుకున్నాను. అది నా తప్పే.

ఆగస్టు రెండో ఆదివారం. "ఇవాళ మా చర్చి నాగమణి కారులో వెళ్తానండీ, మీకు డ్యూటీ కదా" అంది కుసుమ. ముఖంలో ఏదో దాచుకున్న నవ్వు. నేను తొమ్మిదింటికే వెళ్లి కుర్చీ వేసుకున్నాను. తొమ్మిదింబావుకి శ్రీపతి వచ్చాడు, సూటు వేసుకుని. గేటుకి అటొకడూ ఇటొకడూ కుర్రాళ్లని నిలబెట్టాడు. నాకేమీ అర్థం కాలేదు.

తొమ్మిది నలభై అయిదుకి మొదలైంది.

కారు వెనక కారు. మొగుడొక కారులో, పెళ్లాం ఇంకో కారులో. ప్రతి వారం నలుగురు కలిసి వచ్చే కుర్రాళ్లు నాలుగు కార్లలో. హామిల్టన్‌వాళ్లు కూడా ఎప్పుడు లేచి బయల్దేరారో, టైముకే దిగారు. వాళ్లతో పాటు ఎప్పుడూ చూడని మొహాలు. నా బొటనవేలు నొప్పి పుట్టింది. ఆ ఒక్క పావుగంటలో డెబ్భై ఒకటి. కార్ల వరస రౌండెబౌట్ దాటి, మూల మీదున్న డెయిరీ కొట్టు దాకా నిలిచిపోయింది. అందులో సిటీ బస్సొకటి ఇరుక్కుంది.

అప్పుడు అర్థమైంది. ఆటోనగర్‌లో ఏ పార్టీ నాయకుడు సభ పెట్టినా లారీలు పంపేవాళ్లు. ఊళ్లకి వెళ్లి జనాన్ని ఎక్కించుకు రావడం, మైదానం నింపడం. ఎంతమంది వస్తే అంత పలుకుబడి. నేనే ఎన్నిసార్లో తోలాను. శ్రీపతి చేసిందీ అదే. ఫలానా ఆదివారం కౌన్సిల్ కోసం లెక్క తీస్తామని మా ఆఫీసు నుంచి కబురు అందగానే, మన బలం చూపిద్దాం అనుకున్నాడు. ఎంత ఎక్కువమంది ఉంటే అంత త్వరగా అనుమతి ఇస్తారని. తలలు చూపిస్తే పనైపోయే ఊళ్లో పుట్టినవాడికి అంతకంటే ఏం తోస్తుంది?

పది దాటాక రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"ఎంత వచ్చింది బాస్? వంద దాటిందా?"

"చెప్పకూడదండీ."

"చెప్పకండి, చెప్పకండి. ఒక్కడు లేటు లేడు, చూశారా? పద్ధతంటే ఏంటో తెల్లవాళ్లకి తెలియాలి. ఇవాళ లంచ్ కూడా కాన్సిల్ చేశాం. ప్రార్థన అవగానే నీట్‌గా వెళ్లిపోవాలని చెప్పాను. కోటేశ్వరమ్మ ఆంటీని కూడా లోపలే కూర్చోబెట్టాం. గేటు బ్లాక్ అయితే బాగోదు కదా?"

అప్పుడే చెప్పి ఉండొచ్చు. కాఫీ అయినా పెట్టి మెల్లగా పంపించండి, అందరినీ ఒకేసారి వదలొద్దు అనొచ్చు. అనలేదు. లెక్కపెట్టేవాడు నోరు విప్పకూడదు, అది నియమం. కానీ ఆ వేళ నా నోరు కట్టేసింది నియమం ఒక్కటే కాదు. లోపల ఎక్కడో చల్లగా ఉంది. లాంగ్ డ్రైవ్‌లో పిల్లలు చేసే పనండీ ఇది, కానివ్వండి, అనుకున్నాను.

పన్నెండూ పదికి తలుపులు తెరిచారు. పావుగంటలో అరవై ఎనిమిది కార్లు గేటులోంచి బయటపడ్డాయి. రౌండెబౌట్ దగ్గర హారన్లు మోగాయి. కాయితం మీద అంకె వేశాను.

ఇంటికొచ్చేసరికి కుసుమ వంటింట్లో పాట పాడుకుంటోంది.

"చూశారా ఎంతమందో! ఏమండీ, మీ చేతికి నొప్పి పుట్టి ఉండాలే. ఎల్లుండికల్లా రిపోర్టు వెళ్తుందటగా? వచ్చేస్తుందండీ మన స్థలం. శ్రీపతి గారు రెండు వారాల నుంచీ ఫోన్లు చేస్తున్నారు అందరికీ."

"కుసుమా, కూర్చో."

కూర్చుంది. చెప్పాను. ఎన్ని కార్లు వస్తే అంత బలం కాదు, అంత భారం అని. ముఖ్యంగా అన్నీ ఒకే పావుగంటలో వస్తే ఆ సన్నటి రోడ్డు మోయలేదని. ఇవాళ మీరు కౌన్సిల్‌కి చూపించింది, అనుమతి ఎందుకు ఇవ్వకూడదో అదేనని.

ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"మీకు పొద్దున్నే తెలుసా?"

"పదింటికి తెలిసింది."

"పన్నెండింటికైనా చెప్పలేకపోయారా?"

నియమం సంగతి చెప్పాను. వింది. "మీ నియమం మంచిదే" అంది. తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్లి పొయ్యి ఆపింది. పాట మళ్లీ ఎత్తుకోలేదు.

సోమవారం పొద్దున డాష్‌బోర్డు అర తెరిచి కాయితాలన్నీ తీశాను. మూడేళ్ల ఆదివారాలు. రబ్బరు బ్యాండు వేసి ఆఫీసుకి పట్టుకెళ్లాను. నవీన అప్పటికే నా అంకెల ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది.

"అంకుల్, గిదేంది? ఊరు ఊరంతా ఒక్కసారే దిగినట్టుంది! గిట్లయితే ఆ రోడ్డు తట్టుకోదు. ఏం రాయాల్నో సమజైతలేదు."

"నువ్వు రాసేముందు ఒక సంగతి చెప్పాలమ్మా. నిన్నటిది మామూలు ఆదివారం కాదు." కాయితాల కట్ట బల్ల మీద పెట్టాను. "మామూలు ఆదివారం ఇది. రావడానికి గంటన్నర పడుతుంది, పోవడానికి రెండు గంటలు పైనే. ఏ పావుగంటా పద్నాలుగు కార్లు దాటదు."

ఆమె ఒక్కో కాయితం తిప్పింది. "ఇవి మీకెక్కడివి?"

"మా ఆవిడ ఆ చర్చికే వెళ్తుంది. నేను బయట కూర్చుంటాను."

నవీన తిప్పడం ఆపేసింది. "అంకుల్! ఆంటీ గా చర్చికే పోతరా? ముందే ఎందుకు చెప్పలే మీరు?"

"నాకు సంబంధం లేదనుకున్నాను."

"సంబంధం లేనోళ్లు మూడేండ్లు లెక్కవెడ్తరా?" అంది. కోపంగానే అంది, కానీ కళ్లలో కొంచెం నవ్వు కనిపించింది. "ఇవి నేను వాడలేను. ఇంటోళ్ల లెక్క ఇది."

"వాడొద్దు. మళ్లీ లెక్కపెట్టించు. ఎవరికీ చెప్పకుండా. నన్ను మాత్రం పంపకు."

"పంపను. ఇంకోటి, నిన్నటి లెక్క నేను దాచిపెట్ట. రెండూ రిపోర్టుల ఉంటయి. ఎందుకట్లయిందో కూడా రాస్త. ఆంటీ సంగతి బాస్‌కు చెప్పాల్సొస్తది అంకుల్. మళ్ల మీకు పని ఇస్తడో లేదో."

"చెప్పమ్మా" అన్నాను. పోయేదేముంది, ఒక మడత కుర్చీ.

మూడు వారాలు నాకు ఫోను రాలేదు. ఇంట్లో కూర్చున్నాను. నాలుగో వారం మొదట్లో ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. చూస్తే శ్రీపతి, పక్కన పాస్టర్ శేషయ్య గారు. మా ఫ్లాట్‌లో ఉన్నవి మూడు కుర్చీలు. కుసుమ మంచం మీద కూర్చుంది.

"వందనాలు బ్రదర్" అన్నారు పాస్టర్ గారు. గుంటూరు వైపు మనిషి, గట్టిగా మాట్లాడరు.

శ్రీపతి నేరుగా విషయానికొచ్చాడు. "పాండురంగ గారూ, ఆ రోజు పొరపాటైపోయింది. మళ్లీ కౌంట్ చేస్తామని ఇంజినీర్ మెయిల్ పెట్టింది, డేట్ మాత్రం చెప్పట్లేదు. మీకు తెలుస్తుంది కదా? ఒక్కమాట చెప్పండి చాలు. ఆ రోజు సగం మందిని ఇంట్లోనే ఉండమంటాను."

"నాకు తెలియదండీ. తెలిసినా చెప్పను."

"అది కాదు బాస్..."

"ఒకసారి జనాన్ని నింపి చెడగొట్టారు. ఈసారి ఖాళీ చేసి చెడగొడతారా? రేపు కొత్త స్థలంలో వంద కార్లు దిగితే కౌన్సిల్‌వాళ్లు కళ్లు మూసుకుని ఉంటారా?"

శ్రీపతి ముఖం చిన్నబోయింది. నేను మూడేళ్లు దాచుకున్న మాట నాలిక చివర ఉంది. మీ పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కపెట్టించుకోకపోయారా అని. కుసుమ నా వైపే చూస్తోంది. మింగేశాను. చేదుగానే దిగింది.

"మరి ఏం చెయ్యమంటారు?" అని అడిగారు పాస్టర్ గారు.

"ఏమీ చెయ్యొద్దు. ఎప్పుడూ ఎలా వస్తారో అలా రానివ్వండి. ఎప్పుడూ ఎలా పోతారో అలా పోనివ్వండి. భోజనాలు పెట్టండి. కోటేశ్వరమ్మ గారిని గేటు దగ్గర ఉండనివ్వండి."

"అంటే, ఆలస్యంగా..."

"ఆ ఆలస్యమే మిమ్మల్ని కాపాడేది."

పాస్టర్ గారు నుదురు రుద్దుకున్నారు. "ఎనిమిదేళ్ల నుంచి చెప్తున్నాను బ్రదర్, టైముకి రండీ, టైముకి రండీ అని. గొంతు పోయేలా చెప్పాను."

"వినలేదు కాబట్టి బతికారండీ" అన్నాను.

మొదట నవ్వింది కుసుమ. తర్వాత పాస్టర్ గారు. శ్రీపతి కూడా నవ్వాలా వద్దా అని ఆలోచించి, చివరికి నవ్వాడు. "పద్ధతిగా ఉందామనుకున్నానండీ" అన్నాడు వెళ్లేటప్పుడు తలుపు దగ్గర. "మనవాళ్లని చూసి ఎవరూ నవ్వకూడదని." నవ్వుతారేమోనన్న భయం నాకు తెలియనిదేమీ కాదు.

తర్వాతి ఆదివారం కాదు, ఆ పైది. సెప్టెంబరు వాన. కుసుమని గేటు దగ్గర దింపుతుండగా చూశాను. పక్క వీధి మలుపులో, చెట్టు కింద, నారింజ రంగు చొక్కా. మా ఆఫీసు మనిషే. చేతిలో కౌంటర్. నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు, పద్ధతి తెలిసినవాడు.

కుసుమ పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని గొడుగు కోసం వెతుకుతోంది. చెబుదామా? నాలిక దాకా వచ్చింది. చెబితే ఆమె లోపలికి వెళ్లి ఒక్కరికి చెబుతుంది, ఆ ఒక్కరూ పదిమందికి. గొడుగు తీసి చేతికిచ్చాను. "జారుతుంది, చూసి నడువు" అన్నాను. అంతే.

నా చోటులో కారు ఆపుకుని కూర్చున్నాను. కౌంటర్ తియ్యలేదు. కళ్లు ఊరుకోవు కదా, అవి లెక్కపెడుతూనే ఉన్నాయి. తొమ్మిది నలభై అయిదు నుంచి పది దాకా ఎనిమిది. శ్రీపతి కారు అందులో ఒకటి, మారడు ఆ మనిషి. తర్వాతి పావుగంట పదకొండు.

మూడేళ్లు ఆలస్యంగా వచ్చిన ప్రతి కారునీ తిట్టుకున్నవాణ్ణి. ఆ రోజు ఒక్కొక్కటే మలుపు తిరుగుతుంటే, రా నాయనా, నిదానంగా రా, తొందరేం లేదు అనుకుంటూ కూర్చున్నాను. పదింబావు దాటింది. పదమూడు. పదిన్నరకి ఒక కారు ఆగింది, తల్లి దిగి పిల్లకి అక్కడే జడ వేసింది, తర్వాతే లోపలికి వెళ్లారు. బంగారు తల్లీ అనుకున్నాను. పదకొండుంబావుకి హామిల్టన్ కారు వచ్చింది. అందులోంచి నలుగురు దిగారు, రెండు గిన్నెలతో.

రావడం గండం గట్టెక్కింది. పోవడం మిగిలింది. నా భయమంతా వాన గురించి. వానలో కారు తలుపు పట్టుకుని ఎవడు మాట్లాడతాడు? భోజనాలవగానే అందరూ ఒకేసారి పరుగెత్తితే? ఒంటి గంటకి వాన ఇంకా పెరిగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికి వచ్చారు. వరండా దాకా వచ్చి, అక్కడ నిలబడిపోయారు. వానని చూస్తూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకి వాన ఇంకో వంక అయింది, అంతే. ఎవరో టీ తెచ్చారు. మొదటి కారు ఒంటిగంటా పదికి కదిలింది.

గేటు దగ్గర ఎవరూ లేరు. కోటేశ్వరమ్మ గారు వానలో రాలేదేమో అనుకునేలోగా, స్వెట్టరు మీద ఎవరిదో రెయిన్‌కోటు వేసుకుని, మెల్లగా వచ్చి నిలబడింది. కారు ఆగింది. బానెట్ మీద చెయ్యి వేసింది. తల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమెకి గొడుగు పట్టేవాళ్లు లేరు.

నాకు ఆ లెక్కతో పని లేదు. గొడుగు పట్టకూడదన్న నియమం కూడా ఎక్కడా లేదు. కారు వెనకసీట్లోని పెద్ద గొడుగు తీసుకుని రోడ్డు దాటాను.

"ఎవరు నాయనా?" అంది కళ్లు తెరవకుండానే.

"కుసుమ భర్తనమ్మా."

"అవతల కూర్చుంటావే, ఆ అబ్బాయివా? కాస్త ఇటు పట్టు, కారు మీద కాదు, నా మీద."

యాభై ఒక్క కార్లు. రెండు ముప్పావు దాకా పట్టుకుని నిలబడ్డాను. ఎవరి పిల్లకి ఏ పరీక్షో, ఎవరికి వీసా ఆగిందో అన్నీ నా చెవిన పడ్డాయి. శ్రీపతి కారు వచ్చినప్పుడు అతనికి ఉద్యోగం పోయి రెండు నెలలైందని కూడా తెలిసింది. అద్దం దించి నా వైపు చూశాడు. "థాంక్స్ అన్నా" అన్నాడు. అంతవరకూ బాస్ అనేవాడు.

నవీన రిపోర్టులో రెండు ఆదివారాలూ పెట్టింది. మొదటిది ఎందుకలా జరిగిందో ఉన్నదున్నట్టు రాసింది. రెండోదాని కింద, ఏ పావుగంటలోనూ పద్నాలుగు కార్లు మించలేదని, బయటికి పోయే కార్లని గేటు దగ్గర ఒక పెద్దావిడ ఒక్కొక్కటిగా వదులుతోందని రాసింది. "ప్రార్థన అని రాశావా?" అని ఫోనులో అడిగాను. "అట్ల రాస్తే కౌన్సిల్ ఇంజినీర్ నవ్వుతడు అంకుల్. గేటు నిర్వహణ అని రాసిన" అంది. ఆ ఫోను చేసింది నాకు పని ఉందని చెప్పడానికి. బాస్ తిట్టాడట, కానీ తప్పు తనంతట తనే చెప్పుకున్నవాడు మంచివాడే అన్నాడట. సోమవారం నుంచి మళ్లీ కుర్చీ.

నవంబరు ఆఖర్లో కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. పాస్టర్ గారు హాల్లో చదివారు. ఒప్పుకున్నారు, ముందు తోటలోని పాత షెడ్డులో ఆరాధన పెట్టుకోవచ్చు, తర్వాత కట్టుకోవచ్చు. షరతులు చాలా ఉన్నాయి. ఒకటి, ప్రతి ఆదివారం గేటు దగ్గర మనిషి ఉండి కార్లని ఒక్కొక్కటిగా వదలాలి. మొదటి ఏడాది కార్ల లెక్క రాసి పంపాలి. కుసుమ పరుగున రోడ్డు దాటి వచ్చి కారు అద్దం తట్టింది. ఏడుస్తూ నవ్వుతోంది. అద్దం దించాను. "తెలుసులే" అన్నాను. నాకేమీ తెలియదు, ఆమె ముఖం చూసి చెప్పాను.

జనవరిలో మొదటి ఆదివారం. ఎండ. పాత షెడ్డులో ఇంకా ఎరువు వాసన పోలేదు. గేటుకి ఒక పక్క నేను, కౌంటర్‌తో. ఇంకో పక్క కోటేశ్వరమ్మ గారు, నా మడత కుర్చీలో. అది ఆమెకి ఇచ్చేశాను. లోపల పాస్టర్ గారు ప్రకటన చేస్తుంటే వినిపించింది. "ఆలస్యంగా రమ్మని నా నోటితో చెప్పలేను. వచ్చినవాళ్లని మాత్రం ఇక ఏమీ అనను." అంతకుముందు, ఆరాధనకి ఇంకా పది నిమిషాలు ఉండగానే శ్రీపతి వచ్చాడు. "మళ్లీ ముందే వచ్చావా? కాసేపు చుట్టూ తిరిగి రా పో" అన్నాను. "ఉద్యోగం వచ్చిందన్నా, చెబుదామని" అన్నాడు. సరే పొమ్మన్నాను.

మూడింటికి కార్లన్నీ పోయాయి. నాదొక్కటే మిగిలింది, ఈసారి గేటు లోపల. రోడ్డు అవతల ఆపుకునే చోటు లేదు మరి, ఆ రోడ్డు సన్నం. కుసుమ పక్కన కూర్చుంది. గేటు దగ్గరికి తెచ్చేసరికి కోటేశ్వరమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆపు నాయనా. నీ పేరేంటి?"

"పాండురంగ."

"మంచి పేరు" అంది. బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. నా పేరు పెట్టే అడిగింది, ఏమేమి అడిగిందో ఇంజను చప్పుడులో వినబడలేదు. ఇంజను ఆపేశాను.

ఆమెన్ అన్నాక, కౌంటర్ తీసి నా కారుకి కూడా ఒక నొక్కు నొక్కాను.